తాడు మీది గొంగళి

నేను ఒక గొంగళిని. నల్లగొర్రె బొచ్చుతో నేసిన, ముట్టుకుంటే గుచ్చుకునే, తడిస్తే గొర్రెల దొడ్డి వాసన వేసే అసలు సిసలు గొంగళిని. మీ ఇళ్లలో పువ్వులేసిన మెత్తటి రగ్గులుంటాయి. కమ్మటి కబుర్లు కావాలంటే వాటిని అడగండి.

మనుషులు నా మీద సామెతలు కట్టారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అంటారు. గొర్రె బొచ్చుతో నన్ను నేసినవాడు మనిషి, నాలో అన్నం పెట్టుకున్నవాడూ మనిషే, మధ్యలో నా తప్పేమిటో నాకు తెలీదు. దాన్ని వదిలేస్తాను. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అని ఇంకోటుంది చూశారూ, దాంతోనే నాకు ఒళ్లు మండుతుంది. ఆఫీసులో ఫైలు కదలకపోయినా, ఇంటి గోడ లేవకపోయినా, పిల్లవాడికి ఎక్కం రాకపోయినా తిట్టు నాకే. ఆ సామెత సంగతి తేల్చడానికే ఇవాళ నోరు విప్పాను.

పాలమూరు వైపు ఒక కురుమల ఊరు నాది. అక్కడ నన్ను గొంగడి అంటారు. బీరయ్య అనే కాపరి తన మందలో బొచ్చు కత్తిరిస్తే, వాళ్లమ్మ లచ్చవ్వ దాన్ని ఏకి కదురు మీద వడికింది. గుంట మగ్గం మీద నేశాక చింతగింజల గంజి పట్టించి ఎండలో పరిచారు. ఆ గంజితో వచ్చిన బిరుసు నాకు ఈనాటికీ పోలేదు, ఒంట్లోనూ మాటలోనూ. వానకి గొడుగుగా, చలికి దుప్పటిగా, రాళ్ల మీద పరుపుగా బీరయ్య నన్ను వాడుకున్నాడు. ఒక్కరోజు కూడా గుచ్చుకుంటోందని అనలేదు.

ఒక కరువేడు బీరయ్య మందను లారీకెక్కించుకుని నీళ్లున్న సీమకు బయల్దేరాడు. లారీ డ్రైవరు సన్యాసిరావుది నర్సీపట్నం. దారిలో అతనికి చలిజ్వరం వచ్చి పళ్లు టకటకలాడుతుంటే బీరయ్య నన్ను తీసి కప్పాడు. దిగేటప్పుడు సన్యాసిరావు నన్ను మడిచి తిరిగి ఇవ్వబోయాడు. బీరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉంచుకోరాదె అన్నా. ఇది నీకన్న ఎక్కువ దినాలు బతుకుతది."

అలా నేను లారీ ఎక్కాను. సీటు మీద పరుపుగా, బండి కింద దూరి నట్లు బిగించేటప్పుడు చాపగా ఉన్నాను. గొర్రె వాసనకు గ్రీజు వాసన తోడైంది.

తరవాత ఒక పగలు చింతపల్లి ఘాట్‌లో ఎవరిదో లారీ బురదలో దిగబడిపోయింది. సన్యాసిరావును ఎవరూ పిలవలేదు. తనే ఆగి, తన లారీకి ఇనప తాడు కట్టి లాగించాడు. బిర్రుగా సాగిన తాడు తెగి, దాని కొస కొరడాలా వచ్చి అతని ఎడమ కన్ను తీసుకుపోయింది. ఆ వేళ నేను సీటు మీద మడతపెట్టి ఉన్నాను. నా చేతనయ్యే పనేమిటో అప్పటికి ఎవరికీ తెలీదు.

ఆస్పత్రిలో పక్కమంచం మీదున్న ముసలాయన కలప లారీల మనిషి. తాడు మీద బరువైనదేదైనా తడిపి వెయ్యాలయ్యా అని చెప్పాడు. తాడు తెగితే ఆ ఊపునంతా ఆ బరువు మింగి, తాడును నేలకు పడేస్తుందట. కన్ను పోయాక దొరికిన తెలివి అది. సన్యాసిరావు దాన్ని పారెయ్యలేదు, నాతోపాటు కూతురికి ఇచ్చాడు.

కూతురు నూకరత్నం నర్సీపట్నంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది. క్లచ్చి మీద నుంచి కాలు తియ్యని మగాళ్లు ఆమె పక్కన కూచుంటే దేవుణ్ణి తలుచుకుంటారు. ఆమెకో ముందు అద్దం లేని పాత జీపుంది. దాని ముందు వించ్ ఉంది, అంటే మోటారుతో తిరిగి ఇనప తాడును చుట్టుకునే చుట్ట. కొండల్లో ఇరుక్కుపోయిన బండ్లను లాగడం ఆమెకూ, ఆమె స్నేహితులకూ ఉన్న పిచ్చి. పైసా పుచ్చుకోరు. తండ్రి కూడా వద్దనలేదు. మూసుకుపోయిన తన కంటి మీద కూతురి చెయ్యి పెట్టించుకుని ఒక్కటే మాట తీసుకున్నాడు. తాడు మీద గొంగళి వెయ్యకుండా లాగకూడదు.

చింతపల్లి దాటాక ఒక కొండ ఉంది. పేరు చెప్పను, చెబితే మీరూ వచ్చేస్తారు. కాళ్ల కింద మబ్బులు కనిపిస్తాయని పెద్దపెద్ద బండ్లేసుకుని జనం ఎగబడుతున్నారు. వీడియోలో చూసిన దారి తమకు లొంగుతుందనుకుంటారు. దారి వీడియోలు చూడదు కదా. దిగబడిన బండిని ముందు చూసేది కొండ మీద కాఫీ తోట ఉన్న కొర్రా బొంజుబాబు. అతను ఫోన్ చేస్తే వీళ్లు ఎక్కుతారు.

పోయిన వానాకాలం అలాగే ఫోనొచ్చింది. తేజోవర్ధన్ అనే నగరం కుర్రవాడి కొత్త బండి దారి అంచు మీద పక్కకు జారి, రెండు చక్రాలు లోయ వైపు గాల్లో పెట్టి, ఒక మోడుకు ఆనుకుని ఆగింది. లోపలివాళ్లు దిగి బతికారు. బండి మాత్రం ఏ క్షణమైనా పోయేలా ఉంది. వాన పడుతూనే ఉంది, మట్టి కరుగుతూనే ఉంది. ఛాసిస్‌కు, అంటే బండి ఇనప చట్రానికి, ఉండే అసలు కొక్కెం బురదలో కూరుకుపోయింది. పైకి కనిపిస్తున్నది బంపరు మీద మెరిసిపోతున్న ఎర్ర కొక్కెం ఒక్కటే. ఇది ఛాసిస్‌కు బిగించారా, బంపరుకా అని నూకరత్నం అడిగింది. విదేశీ సరుకు, ఏనుగునైనా లేపుతుంది అన్నాడతను. అడిగినదానికి అది జవాబు కాదు. కాని తవ్వి చూసే వ్యవధి లేదు, తవ్వితే అంచు జారేలా ఉంది. నూకరత్నం తాడును ఎర్ర కొక్కేనికే తగిలించింది. బొంజుబాబు నన్ను చక్రాల గాడిలో నిలిచిన నీళ్లలో బాగా నానబెట్టి, మడిచి, కొక్కేనికి దగ్గరగా తాడు మీద వేశాడు.

అప్పుడు మొదలైంది. ఈ పాత దుప్పటి తీసెయ్యమన్నాడు తేజోవర్ధన్. వీడియో తీస్తున్నాడట, ఆ కొక్కెం తళతళలాడుతూ కనపడాలట, నేను అడ్డమట. తాడు కొత్తది, కొక్కెం కొత్తది, తెగడానికేముంది అన్నాడు. రెండు నిమిషాలు తీసి మళ్లీ వేద్దురుగాని అని బతిమాలాడు. సాయానికొచ్చినవాళ్లలో ఒకరు కూడా, వాన ముదురుతోంది, ఆయన మాట కానిచ్చేద్దామని గొణిగారు. ఆఖరికి అతనే వచ్చి నా కొస పట్టుకుని లాగాడు. నేను నీళ్లు తాగి రాయిలా ఉన్నాను. రానంటే రానన్నాను.

నూకరత్నం జీపు దిగి వచ్చింది. గొంతు పెంచలేదు.

"గొంగళి తీసీమంటే తాడు కూడా తీసీసి ఎల్లిపోతాం. బండి మీది బాబూ, కళ్లు నావి."

అతను నా కొస వదిలేశాడు. ఆమె అందరినీ తాడు పొడవుకు మించి వెనక్కి పంపి, తను మాత్రం వెళ్లి జీపులో కూచుంది. వించ్ తిప్పేవాళ్లు అక్కడే ఉండాలి. తాడు నా దగ్గర నుంచి సూటిగా ఆమె ముఖం వైపే సాగి ఉంది, మధ్యలో అద్దమైనా లేదు.

తాడు బిగిసింది. బండి మూలిగింది. ఒక చక్రం అంచు ఎక్కింది, రెండోది మట్టి పట్టుకుంది. సరిగ్గా అప్పుడు ఎర్ర కొక్కెం బంపరు ముక్కతో సహా ఊడి లేచింది. బంపరుకే బిగించారన్నమాట. తాడు దాన్ని విసిరికొట్టింది, దాంతోపాటు నన్నూ. ఎగరడం గొంగళి పుట్టుకలో లేదు. నా నీళ్లూ, నా బరువూ, లచ్చవ్వ వడికిన ప్రతి పోగూ ఆ తాడుకు చుట్టేసి కిందికి గుంజాను. కొక్కెం నన్ను నిలువునా చీల్చింది. చీల్చితే చీల్చింది, దాన్ని వదల్లేదు. ఇద్దరం కలిసి జీపు ముందు చక్రం దగ్గర బురదలో పడ్డాం.

సీట్లో నూకరత్నం బిగుసుకుపోయి ఉంది. రెండు కళ్లూ నన్నే చూస్తున్నాయి.

బండి అప్పటికి సగం దారెక్కి నిలిచింది కాబట్టి ఈసారి ముందువైపు తవ్వి అసలు కొక్కెం బయటికి తీశారు. తాడు మళ్లీ కట్టారు. ఎవరూ చెప్పకుండానే తేజోవర్ధన్ నా రెండు ముక్కలూ ఏరుకొచ్చి, గాడిలో తడిపి, తాడు మీద వేశాడు. బండి దారెక్కింది. తరవాత అతను పెట్టిన వీడియోలో నేను లేను. కత్తిరించేశాడు. మనిషి కదా, పోనివ్వండి.

నూకరత్నం స్నేహితులంతా కలిసి తాడు మీద వేసే నారింజరంగు దుప్పటి ఒకటి కొన్నారు. నన్ను డ్రైవింగ్ స్కూలు అద్దాల బీరువాలో పెట్టి, పూలదండ కూడా వేద్దామన్నారు. అప్పటికే నోరు విప్పి ఉంటే ఆ రోజు అందరికీ వినపడేది. నా బదులు సన్యాసిరావు మాట్లాడాడు.

"సచ్చిపోయినోల్లకి కదే దండలేస్తారు. ఇది చిరిగింది, అంతే గదా. కన్ను పోయి నాను బతకట్లేదేటి? దబ్బనం అట్టుకురా."

దబ్బనంలో గోనెదారం ఎక్కించడానికి ఆ ఒంటికన్నుకు చాలాసేపు పట్టింది. నూకరత్నం ఎక్కిస్తానంటే ఇవ్వలేదు. తనే ఎక్కించి, తనే కుట్టాడు. కుట్టు వంకరగా ఉంది, గట్టిగా ఉంది.

ఈ వానాకాలం మళ్లీ కొండెక్కుతున్నాను. నారింజరంగుదీ వస్తుంది, రానివ్వండి. దాన్ని తాడు మధ్యలో వేస్తారు, కొక్కెం పక్కన చోటు మాత్రం నాదే. ఇక ఆ సామెత అంటారా, నిక్షేపంగా అనుకోండి. తాడు తెగితే మీరంతా పరిగెత్తండి. ఎక్కడ వేశారో నేను అక్కడే ఉంటాను.