హాజరు చేతులు

పిల్లల గదికి తాళం పడింది.

వెలుగు ఇంకా సరిగ్గా రాకముందే పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన ఆడవాళ్ళు ఆ తాళం ముందు ఆగిపోయారు. మున్సిపాలిటీ యార్డులో ఒక పక్క చెత్త బండ్లు, ఇంకో పక్క చీపుర్ల కొట్టు, మధ్యలో ఆ గది. రోడ్లూడ్చే తల్లులు తిరిగొచ్చేదాకా చంటిపిల్లలు పడుకునే చోటు అదొక్కటే. ఎవరో దయతలచి ఇచ్చిన గది కాదది. వీళ్ళే ఒకప్పుడు చీపుర్లు కింద పడేసి, జీతాలు పోగొట్టుకుని, తిట్లు తిని సాధించుకున్నది. పిల్లల్ని చూసుకునే ఆయమ్మ ఖాళీ పాలసీసాలు ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుంది. చేతికందినవి పట్టుకుని బయటికి రమ్మన్నారట. ఉయ్యాలలు లోపలే ఉండిపోయాయి.

మేస్త్రీని అడిగితే పైనుంచి ఆర్డరన్నాడు. పైనంటే ఎవరని అడిగితే పైనే అన్నాడు. నిధుల్లేవట. పిల్లల్ని ఇంట్లో పెట్టి రమ్మని ఉచిత సలహా కూడా పడేశాడు. ఇంట్లో ఉండాల్సిన ఆడమనిషి ఇక్కడ చీపురు పట్టుకుని నిలబడితే పిల్లాణ్ణి ఎవరికి అప్పజెప్పి రావాలి, గోడలకా?

ముందక్క పళ్ళు నూరుకుంది. హాజరు వేళ ముందు వరుసలో మొదట నిలబడేది కాబట్టి ఆమెకా పేరు. ఆమె కూతురు కూడా ఆ జట్టులోనే ఊడుస్తుంది. ఆ కూతురి కొడుకు, ఇంకా పాకడం కూడా రాని బుడ్డోడు, నిన్నటిదాకా ఆ గదిలో కాళ్ళాడిస్తూ పడుకున్నవాడు, ఆ పొద్దున చెత్త బండి ముందు భాగంలో గోనెపట్టా మీద పడుకున్నాడు. వీధి వీధికీ లేచిన దుమ్మంతా వాడి మొహం మీదే. మధ్యాహ్నానికి కళ్ళు ఎర్రబడ్డాయి. సాయంత్రానికి దగ్గు పట్టుకుంది. నాలుగు రోజులు గడిచేసరికి ఆ దగ్గు ఛాతీలోకి దిగింది, పాలు పడితే కక్కేస్తున్నాడు. డాక్టరు మందిచ్చి, దుమ్ములోకి మాత్రం తీసుకెళ్ళకండని చెప్పాడు. చెప్పడానికేం, చక్కగా చెప్పాడు.

"పని మానేస్తే తిండి లేదు, పనికొస్తే వీడు దక్కేలా లేడు. నన్నేం చెయ్యమంటావే అమ్మా?" అంది కూతురు. ముందక్కకు ఒళ్ళు మండింది.

పది మందిని వెంటేసుకుని ఆఫీసుకెళ్ళింది. ఒక గదిలో వాళ్ళు పక్క గదికి పొమ్మన్నారు, పక్క గదిలో వాళ్ళు పై అంతస్తుకి పొమ్మన్నారు, పై అంతస్తులో వాళ్ళు భోజనానికి పోయారు. చూశారా, పేదవాడు ఒక్క ప్రశ్న అడగాలంటే ఎన్ని మెట్లెక్కాలో. చివరికి జమాఖర్చులు చూసే అధికారి దొరికాడు. ఆయనకీ విసుగ్గానే ఉన్నట్టుంది, దాపరికం లేకుండా చెప్పేశాడు. ఊరి చివర రాట్నం కంపెనీ చేసిన అప్పుకు మున్సిపాలిటీ పూచీ పడింది. కంపెనీ కట్టలేదు. బ్యాంకు మున్సిపాలిటీ ఖాతాలోంచి లాగేసుకుంది. మిగిలినదానితో అన్నీ నడవవు కాబట్టి ముందుగా పిల్లల గది మూశారు.

రాట్నం కంపెనీ అంటే అందరికీ తెలిసిందే. ఊరికి జనం తండోపతండాలుగా వస్తారని, ఆకాశమంత ఎత్తున రంగుల రాట్నం తిరుగుతుందని ఊదరగొట్టారు. ఎక్కణ్ణుంచో వచ్చిన కంపెనీ. యార్డులో ఎక్కడ నిలబడినా ఆ రాట్నం కనిపిస్తుంది. సగం కట్టి వదిలేశారు. తిరగలేదు సరిగదా, తుప్పు కూడా పట్టింది.

"మమ్మల్నడక్కుండా ఎవడో పరాయివాడి అప్పుకి ఎలా పూచీ పడ్డారు సార్?" అంది ముందక్క.

అధికారి ఆమె వంక వింతగా చూశాడు. "అడిగే చేశామమ్మా. మీ యార్డులోనే సభ పెట్టాం. అందరూ చేతులెత్తారు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు."

ముందక్కకు గుర్తొచ్చింది. ఆ రోజు శుభ్రమైన యూనిఫాం వేసుకుని రమ్మన్నారు. హాజరు వేళకే కుర్చీలేశారు. బల్ల వెనకాల పెద్దవాళ్ళు కూర్చుని ఏదో చదివారు, మైకు గరగరలాడింది, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇంతలో మేస్త్రీ రోజూ అరిచినట్టే చేతులెత్తండని అరిచాడు. ఈ యార్డులో చెయ్యెత్తడమంటే ఒకటే, నేనొచ్చాను, నా కూలి రాసుకో అని. ఏళ్ళ తరబడి అలవాటు. ముందక్క చెయ్యి మొదట లేచింది, వెనకాల అందరివీ లేచాయి. వాళ్ళు హాజరనుకున్నారు, బల్ల వెనకాలవాళ్ళు సమ్మతి అని రాసుకున్నారు. ఎంత మోసం.

ఆ సాయంత్రం తాళం వేసిన గది మెట్ల మీద అందరూ కూడారు. కూడి ఏం చేశారు? ముందు వాళ్ళలో వాళ్ళే కొట్టుకున్నారు. నువ్వెత్తావనే మేమూ ఎత్తామని కొందరు ముందక్క మీద పడ్డారు. మీ చేతులేమన్నా నా భుజానికి కట్టేసి ఉన్నాయా అని ఆమె ఎదురు తిరిగింది. కంపెనీ అప్పు చేస్తే మనకేంటి సంబంధం, పెద్దవాళ్ళ గొడవల్లో మనమెందుకని ఇంకొందరు. కాలవలు తీసే ముసలాయనుండేవాడు, ఉద్యోగం దిగిపోయే రోజు కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటాడని ఆయన్ని పెన్షన్ తాత అనేవాళ్ళు. ఆయన చేతులు జోడించి, నన్ను మాత్రం ఇందులోకి లాగకండి నాయనా అన్నాడు. ఆయమ్మ ఎవరి మాటా వినలేక చెవులు మూసుకుంది.

అప్పుడు పూచీ బావ లేచాడు. చెత్త బండి తోలేవాడు. ఒకప్పుడు బామ్మర్ది ఆటో కొనుక్కుంటానంటే షూరిటీ సంతకం పెట్టాడు. బామ్మర్ది ఆటోతో సహా మాయమయ్యాడు. ఫైనాన్స్ వాళ్ళొచ్చి తలుపు తప్ప ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకుపోయారు. తలుపెందుకు వదిలేశారంటే అది చెద పట్టిందని ఆయనే నవ్వుతూ చెబుతాడు. ఆ నవ్వు వెనకాల భార్యతో ఏళ్ళపాటు పడ్డ మాటలున్నాయి.

"సంబంధమేంటంటారేంట్రా," అన్నాడు. "పూచీ అంటే ఏంటో నన్నడగండి. అప్పు తినేవాడొకడు, కట్టేవాడొకడు. నేనైనా నా బామ్మర్దికి పెట్టాను. ఈ రాట్నం వాడు మనకేమవుతాడు? అది తిరిగుంటే టిక్కెట్ల డబ్బులు వాడివి. తిరగలేదు కాబట్టి మన పిల్లల గది పోయింది. రేపు లైట్లు పోతాయి, ఎల్లుండి మన ఉద్యోగాలు పోతాయి."

ఆ మాట అందరికీ సూటిగా తగిలింది.

అంతలోనే మేస్త్రీ వచ్చి, ఎల్లుండి అందరూ శుభ్రమైన యూనిఫాం వేసుకుని రావాలని చెప్పి పోయాడు. పోయాడో లేదో మెట్ల మీద గుసగుసలు మొదలయ్యాయి. శుభ్రమైన యూనిఫాం అంటే ఇంకో సభ. ఇంకో సభ అంటే ఇంకో పూచీ.

ఆయమ్మ కూతురు లా కోర్సు చదువుతోంది. ఆ పిల్ల మర్నాడు కాలేజీ మానేసి, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి సంగతి కనుక్కొచ్చింది. కంపెనీ పాత అప్పు ఎగ్గొట్టి, రాట్నం పూర్తి చేస్తామని ఇంకో అప్పు అడుగుతోంది. మళ్ళీ మున్సిపాలిటీయే పూచీ. అయితే బయటి సంస్థ అప్పుకు పూచీ పడాలంటే రూల్సున్నాయి. ఊరి జనంతో సభ పెట్టాలి, వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఒప్పుకోవాలి. ఎవరైనా అభ్యంతరం చెబితే రాసుకుని, జవాబు చెప్పాకే ముందుకెళ్ళాలి.

"రూల్సు రాసేదీ వాళ్ళే, చించేదీ వాళ్ళే," అని ఎవరో వెనకనుంచి విసుక్కున్నారు.

"నిజమే," అంది ఆ పిల్ల. "కానీ వాళ్ళకి మన చేతులు కావాలి పిన్నీ. లేకపోతే మిమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టేవాళ్ళా?"

వాదులాట మళ్ళీ మొదలైంది. హాజరుకి కూడా చెయ్యెత్తకపోతే కూలి పోతుంది. కాంట్రాక్టు వాళ్ళని మర్నాడే పీకేస్తారు. ఎత్తితే ఆ చేతుల్ని దేనికైనా రాసుకుంటారు. తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవాళ్ళు, తల పట్టుకునేవాళ్ళు. చివరికి ముందక్క కూతురు, అప్పటిదాకా నోరు విప్పనిది, బుడ్డోణ్ణి భుజం మీద వేసి వీపు నిమురుతూ అంది. "గది మూసేశారుగా. మన పిల్లల్ని మనమే ఎత్తుకుని వెళ్దాం. చేతులు ఖాళీ ఉంటే కదా ఎత్తడానికి."

సభ రోజు రానే వచ్చింది. కుర్చీలు, మైకు, బల్ల మీద గాజుపెట్టెలో బుల్లి రాట్నం బొమ్మ. బల్ల వెనకాల ఛైర్మన్, కమిషనర్, కంపెనీ తరఫున కోటు వేసుకున్న ఒకాయన. వాళ్ళ వెనకాల దూరంగా అసలు రాట్నం, తుప్పు పట్టి.

జట్టంతా వచ్చింది, లా చదివే పిల్లా ఆమె స్నేహితులిద్దరూ వెనకాల నిలబడ్డారు. ప్రతి ఆడమనిషి చంకనా ఒక బిడ్డ. పిల్లల్లేని వాళ్ళు పక్కవాళ్ళ పిల్లల్ని ఎత్తుకున్నారు. పూచీ బావ అయితే చెరో భుజం మీదా ఒకణ్ణి వేసుకున్నాడు, వాళ్ళలో ఒకడు ఆయన చొక్కా తడిపేశాడు కూడా. ఎత్తుకోవడానికి పిల్లలు దొరకని మగవాళ్ళు చీపుర్లు రెండు చేతులా పట్టుకున్నారు.

మేస్త్రీ హాజరుకి చేతులెత్తమని అరిచాడు.

ఒక్క చెయ్యి లేవలేదు. ముందక్క కుడిచెయ్యి అలవాటు కొద్దీ ఒక్కసారి అదిరింది. ఆ చేతిలో బుడ్డోడున్నాడు, ఒళ్ళు కాలిపోతూ. ఆమె వాణ్ణి ఇంకా దగ్గరికి అదుముకుంది. మేస్త్రీ ఇంకోసారి అరిచాడు, చెవుడొచ్చిందా అన్నాడు, ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. పెన్షన్ తాత తల దించుకున్నాడు గానీ చీపురు వదల్లేదు.

కమిషనర్‌కు పరిస్థితి అర్థమైంది. మైకు తీసుకుని తియ్యగా మొదలుపెట్టాడు. మీ కష్టం మాకు తెలుసు, పిల్లల గది మూసినందుకు మాకూ బాధగానే ఉంది, రాట్నం పూర్తయితే పాత అప్పు కూడా తీరిపోతుంది అన్నాడు. మీరిప్పుడు సరేనంటే రేపు పొద్దున్నే ఆ తాళం తీయిస్తాను అన్నాడు.

వరుసల్లో కదలిక వచ్చింది. ఎందుకు రాదు? రేపు పొద్దున అంటే రేపటి దుమ్ము తప్పినట్టే. కూతురు తల్లి వంక చూసింది. బుడ్డోడు దగ్గుతున్నాడు, దగ్గి దగ్గి ఏడవడానికి కూడా ఊపిరి చాలడం లేదు. ముందక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెయ్యెత్తితే సరిపోతుంది. ఒక్క చెయ్యి. వెనకాల అందరూ ఎత్తుతారని ఆమెకు తెలుసు.

ఆమె మైకు దగ్గరికి నడిచింది. జన్మలో మైకు ముందు నిలబడలేదు.

"మొదటి అప్పు కంపెనీ కట్టకపోతే మా పిల్లల గది పోయింది. ఈ రెండోది కట్టకపోతే ఏం పోతుందో చెప్పండి సార్."

కట్టకపోవడమనే ప్రశ్నే రాదని కమిషనర్ అన్నాడు. కోటాయన నవ్వుతూ తలూపాడు.

"మొదటిదానికీ ఆ మాటే చెప్పుంటారు. అంత నమ్మకముంటే మీ ఇల్లు రాసిచ్చి మీరు పూచీ పడండి. మా పిల్లలెందుకు?" వెనకనుంచి పూచీ బావ ఈల వేశాడు. ఆమె ఆగలేదు. "నా మాట రాసుకోండి. మేం ఒప్పుకోం. ఆ గది మేం కొట్లాడి తెచ్చుకున్నది, మీ రాట్నానికి కొసరుగా తీసుకోం. పూచీ సంగతి ఎలా ఉన్నా ముందు ఆ తాళం తియ్యండి."

రాసుకోవాలని, జవాబు చెప్పాలని లా చదివే పిల్ల గట్టిగా అంది. ఎవరూ కలం తీయలేదు. ఛైర్మన్ కమిషనర్ చెవిలో ఏదో అన్నాడు, కమిషనర్ గేటు వైపు చెయ్యి ఊపాడు. అక్కడ పోలీసు వ్యాను ముందే ఉంది. అంటే వీళ్ళ మాట వినడానికి ఏ ఏర్పాటూ లేదుగానీ, వ్యాను మాత్రం పొద్దున్నే తెచ్చిపెట్టుకున్నారన్నమాట.

ప్రభుత్వ పనికి అడ్డం వచ్చిందని ఇన్‌స్పెక్టర్ ముందక్క భుజం పట్టుకున్నాడు. ఆమె పెనుగులాడలేదు. కూతుర్ని పోలీసులు అవతలే ఆపేశారు. దగ్గరలో ఉన్నది పూచీ బావ ఒక్కడే. తన భుజాల మీది పిల్లల్ని పక్కవాళ్ళకిచ్చి ముందుకొచ్చాడు.

"బావా, వీడికి నువ్వు పూచీ," అని బుడ్డోణ్ణి ఆయన చేతుల్లో పెట్టింది.

"దీనికి సంతకమేం అక్కర్లేదులే అక్కా," అన్నాడు బావ. బిడ్డను గుండెకు హత్తుకున్నాడు.

వ్యాను మెట్టు మీద ముందక్కను నిలబెట్టి, ఇన్‌స్పెక్టర్ జనం వైపు తిరిగాడు. వాళ్ళను బెదరగొట్టాలని గొంతు పెంచాడు.

"ఈమెతో పాటు ఇంకెవరు? ఉంటే చేతులెత్తండి."

కాలవలు తీసేవాళ్ళ వరుసలోంచి చీపురొకటి కింద పడిన చప్పుడు. పెన్షన్ తాత చెయ్యి లేచింది. ఆ పక్కన ఆయమ్మది. తనెత్తుకున్న పక్కవాళ్ళ బిడ్డను ఒక చంకలోకి మార్చుకుని ముందక్క కూతురిది. బుడ్డోణ్ణి ఎడమ భుజం మీదికి జరుపుకుని పూచీ బావది. ఆ తర్వాత ఎవరిది ముందో ఎవరిది వెనకో తెలియలేదు, మొత్తం జట్టు చేతులు లేచాయి, వాటితో పాటు ఆ విద్యార్థుల చేతులూ లేచాయి. బల్ల వెనకాల ఛైర్మన్ కుర్చీలోంచి లేచాడు. ఒక్క వ్యాను ఇంతమందికి చాలదని ఇన్‌స్పెక్టర్‌కు అర్థమైంది.

గదికి తాళం అలాగే ఉంది. ఆ రోజు కూలి అందరికీ పోయినట్టే. మేస్త్రీ వరుసల మధ్య అటూ ఇటూ పరిగెడుతూ, ఇన్నేళ్ళుగా చేతులెత్తమని అరిచిన ఆ గొంతుతోనే, మొదటిసారి దించమని అరిచాడు.

ఎవరూ దించలేదు.