దండం చంకలో పెట్టుకున్న జనరల్ గారు

నేను ఒక బెత్తాన్ని. బడి పంతుళ్ళ చేతిలో పిల్లల్ని ఏడిపించే రకం కాదు సుమండీ! మిలటరీ దొరలు ఎడమ చంకలో ఇరికించుకుని ఠీవిగా నడుస్తారే, ఆ రకం. మూరన్నర పొడుగు, నున్నటి పేము ఒళ్ళు, కొసన వెండి పొన్ను. డెహ్రాడూన్ బజారులో ఒక ముసలి పనివాడు నన్ను ఆవిరి పట్టి, వంపు తీసి, వారం రోజులు నూనె రుద్ది తయారుచేశాడు. ఇప్పటికీ నా నిగారింపు చూసుకుంటే నాకే ముచ్చటేస్తుంది.

అప్పుడే కెప్టెన్ అయిన వేగేశ్న కనకరాజు గారు నన్ను కొనుక్కున్నారు. అంతే, ముప్పై ఆరేళ్ళు ఆయన చంకే నా ఇల్లు. ఆయనతోపాటు మంచుకొండలెక్కాను, ఎడారిలో మాడాను. ఆయన మేజరైతే నేనూ అయ్యాను, జనరలైతే నేనూ అయ్యాను. ఆయన నాతో ఎవర్నీ ఒక్క దెబ్బ కొట్టలేదు. కొట్టే అవసరమే రాలేదు, నన్ను చూస్తేనే పటాలమంతా బిగుసుకుపోయేది.

రిటైరై గోదావరి డెల్టాలో సొంతూరు గుమ్మడిలంక వచ్చాం. వచ్చిన ఏడే కుండపోతగా వాన కురిసింది. మురుగు కాలువ పూడిపోయి, నీళ్ళు పోయే దారి లేక ఈనబోయే వరి పొట్టమీదే కుళ్ళిపోయింది. జనరల్ గారు గట్టు మీద నిలబడి చూశారు. "పాతికేళ్ళుగా ఇంతేనా? ఎవడూ అడగడా?" అని మండిపడ్డారు. ఆ కాలువ బాగుచేయించడానికే, ఏ పార్టీ లేకుండా ఎమ్మెల్యేగా నిలబడ్డారు.

ఇక్కడే నా ఖర్మ మొదలైంది. ఎన్నికల వ్యవహారమంతా చూసుకునే ఆయన బావమరిది సోమరాజు మొదటిరోజే చెప్పాడు, "బావగారండీ, కనబడ్డ ప్రతివాళ్ళకీ దండం పెట్టాలండి."

"పెడతానుగా!" అని ఈయన వీధిలోకెళ్ళి మడమలు టప్పున కలిపి, కుడిచేత్తో సెల్యూట్ కొట్టారు. మరి రెండు చేతులూ జోడిస్తే నేను కింద పడతాను కదండీ!

జనం బిత్తరపోయారు. "ఆ అరచెయ్యేంట్రా, కొడతాడా ఏంటి?" అన్నాడొకడు. ఎదుటి పార్టీవాళ్ళకి ఇంకేం కావాలి? 'ఒంటిచేతి దండం దొర' అని మైకుల్లో ఊరూరా ఊదరగొట్టారు. డిపాజిట్టు కూడా దక్కదని సోమరాజు తల పట్టుకున్నాడు. ఓసారి నన్ను బీరువా మీద దాచేశాడు. నేను కనబడేదాకా ఈయన గడప దాటితే ఒట్టు! "అది లేకపోతే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీదయ్యా" అన్నారు పాపం. చెప్పొద్దూ, నేను లోపల్లోపల పొంగిపోయాను. కానీ భయం కూడా వేసింది. ఆయన గెలవాలంటే నేను ఆ చంకలోంచి దిగాలి మరి.

పోలింగుకి పదిరోజులుందనగా, పల్లపు వీధిలో మంగాయమ్మ అనే పెద్దావిడ అరుగు ముందు ఆగాం. ఆవిడ పాతచీర మీద మినపవడియాలు పెట్టి, కాకులు వాలకుండా కాపలా కూర్చుంది. జనరల్ గారు టప్పున సెల్యూట్ కొట్టారు.

"కళ్ళల్లో ఎండ పడతందా బాబూ?" అంది.

"లేదమ్మా, నీకు దండం పెడుతున్నాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "దండం చంకలో పెట్టుకుని, నాకు పెట్టానంటావేంటయ్యా!"

వీధంతా గొల్లున నవ్వింది. ముందు జనరల్ గారికి అర్థంకాలేదు. అర్థమయ్యాక, అబ్బో, ఆయన అంత పెద్దగా నవ్వడం నేనెన్నడూ వినలేదు. నవ్వుతూనే రెండు చేతులూ జోడించేశారు. నేను వెళ్ళి వడియాల మధ్య పడ్డాను!

అయ్యో, నా పరువు! ఒళ్ళంతా మినప్పిండి. ఆవిడ నన్ను తీసి, కొంగుతో తుడిచి, గాల్లో ఒక్కసారి ఝళిపించింది. గోడమీద కాకులన్నీ ఎగిరిపోయాయి. "బాగుందే! ఇది నాకిచ్చెయ్ బాబూ. నీ చేతులు ఖాళీ అవుతాయి."

జనరల్ గారు నావైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు, బదిలీ మీద పోయే జవాన్లని అలా చూసేవారు. "ఉంచుకో అమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. ఆయన పక్కింటికెళ్ళి రెండు చేతులా దండం పెట్టారు. ఎడమ మోచెయ్యి మాత్రం పాత అలవాటున డొక్కకే అంటుకుని ఉంది.

గెలిచారండోయ్! తొమ్మిది వేల పైచిలుకు మెజారిటీ. మర్నాడు డప్పులతో, మెడనిండా దండలతో మంగాయమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించారు. నన్ను వెనక్కి అడుగుతారేమోనని ఆశపడ్డాను. ఆయన నోరు విప్పేలోగా ఆవిడ నన్నెత్తి సూటిగా ఆయన ఛాతీకి గురిపెట్టింది.

"కాలవ ఎప్పుడు తవ్విత్తావు?"

"వానలు పడేలోగా, అమ్మా."

"వానలు నిన్నడిగి పడతాయా? తారీకు చెప్పు."

జనరల్ గారి మడమలు వాటంతటవే టప్పున కలిశాయి. "మే పదో తారీకు!"

"ఆ రోజు దీన్ని పట్టుకుని గట్టు మీదుంటాను. ఇక ఎళ్ళు."

ఆయన వెనుదిరిగి, చక్కగా కవాతు చేసుకుంటూ వెళ్ళిపోయారు. ముప్పై ఆరేళ్ళు హుకుములు వింటూ బతికానండీ. నేను హుకుం ఇవ్వడం మాత్రం ఆ రోజే మొదలు.