వెంట వచ్చిన కుర్చీ

ఓడిపోయిన మర్నాడు కూడా రోడ్ల మంత్రిగారు అలవాటు కొద్దీ తెల్లారకుండానే లేచి, గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలోకి వచ్చారు. రోజూ జనంతో కిటకిటలాడే వాకిట్లో ఈగ కూడా లేదు. ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు కనబడకూడదని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

అంతలో వీధి మలుపులో టకటకమని చప్పుడైంది. సచివాలయంలోని ఆయన కుర్చీ నాలుగు కాళ్లమీదా నడుచుకుంటూ వచ్చి, గేటు తోసుకుని లోపలికి దూరింది.

"మీ కుర్చీ వచ్చింది" అంటూ భార్య పాతగుడ్డ తెచ్చింది. "కాళ్లనిండా బురదే. మీరు వేయించిన రోడ్లేగా."

పక్కింటి పంతులమ్మ మొక్కలకు నీళ్లు పోస్తూ గోడమీంచి చూసింది. "అలవాటైన ప్రాణం, పాపం. మా మేనమామ పదవి దిగిపోయినప్పుడూ అంతే, ఆయన కుర్చీ కొన్నాళ్లదాకా వదల్లేదు" అంది.

మంత్రిగారు కూర్చున్నారు. వంగిపోయిన నడుం నిటారైంది. కాసేపటికే ఫోన్లు మొదలయ్యాయి. నిన్నట్నుంచి పలకని పార్టీవాళ్లు ఒక్కొక్కరే పలికారు. "కుర్చీ మీ దగ్గరే ఉందటగా సార్. దాంట్లో కూర్చోకుండా పెడితే కొత్తావిడ సంతకం చెల్లదు. మీరు లేవకండి, చాలు. పదవి మళ్లీ మీకే వస్తుంది."

ఆయన లేవలేదు. లేస్తే ఎక్కడ వెళ్లిపోతుందోనని రెండు చేతులతో దాన్ని బిగించి పట్టుకున్నారు. భార్య తెచ్చిపెట్టిన పళ్లెం పక్కనే చల్లారిపోయింది.

సాయంత్రం కొత్త మంత్రి ఒక్కతే నడిచి వచ్చింది. మొన్నటిదాకా ఆసుపత్రిలో నర్సు. నిండు నెలల మనిషి. చెప్పుల్లో పాదాలు వాచిపోయి ఉన్నాయి.

"పొద్దుట్నుంచీ నిలబడే సంతకాలు పెడుతున్నాను సార్. చెల్లవంటున్నారు" అంది, వరండా స్తంభం పట్టుకుని ఆయాసపడుతూ. "మా పేటలో వంతెన కూలిపోయి ఏడాది దాటింది. ఎన్నిసార్లు వచ్చానో మీ దగ్గరికి. ఇక లాభంలేదని పోటీ చేశాను. ఇంకేం లేదు."

ఆయనకు ఆ మొహం గుర్తులేదు. గుర్తున్నట్టు నవ్వడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్యే, కానీ ఈసారి నవ్వు రాలేదు. ఆమె చెయ్యి స్తంభం మీంచి జారింది. ఆయన చటుక్కున లేచారు.

"కూర్చోమ్మా. ముందు కూర్చో."

అన్నాకగానీ ఏమన్నారో ఆయనకే తెలియలేదు. ఆమె కూర్చుంది. కుర్చీ ఓసారి సర్దుకుని, కుదుపు లేకుండా మెట్లు దిగి, ఆమెతో సహా గేటు దాటింది. ఆమె వెనక్కి తిరిగి చూసి చెయ్యెత్తింది. లోపల ఫోను చాలాసేపు మోగి ఊరుకుంది. మళ్లీ మోగలేదు.

ఆయన మెట్టుమీద కూలబడ్డారు. భార్య వచ్చి పక్కన కూర్చుని పళ్లెం ఒళ్లో పెట్టింది. ముద్ద నోటిదాకా తీసుకెళ్లి ఆగారాయన.

"నువ్వు తిన్నావా?"

పెళ్లయిన కొత్తలో అడిగేవారు. మళ్లీ ఇదే అడగడం.

"లేదు" అంది ఆమె.

ఆయన పళ్లెం ఆమె చేతికిచ్చి లోపలికి వెళ్లారు. వంటింట్లో అలమర తలుపులు తెరిచి మూస్తున్న చప్పుడు. ఏదో గిన్నె దొర్లింది.

"ఇదిగో, పళ్లాలెక్కడుంటాయి?"

"పై అరలో, ఎడమ పక్కన" అంది ఆమె. లేవలేదు. మెట్టుమీదే కాళ్లు చాపుకుని తినడం మొదలుపెట్టింది.