సగం ధర

నాలుగువందల పన్నెండో వరుస దగ్గర బావగారు ఆవులించాడు. తెర మీద టేబుల్ ల్యాంపు బొమ్మ, పక్కన అమ్మకం ధర వెయ్యి, ఆ పక్కన ఖాళీ గడి. అందులో కొన్న ధర వెయ్యాలి. ఆన్‌లైన్ దుకాణంలోని సరుకంతా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కుతోంది. ఇకమీదట లాభమెంతో ఆ గడిని బట్టే తెలుస్తుంది. అసలు ధర కింద గోదాములో, ప్యాకింగ్ ఆవిడ దగ్గరున్న బిల్లుల్లో ఉంది. పద్దెనిమిది మెట్లు దిగితే చాలు.

అతను దిగలేదు. అమ్మకం ధరలో సగం, ఐదొందలు వేశాడు. పొద్దుట్నుంచీ అన్నిటికీ అదే వరస.

యజమాని భార్యకు అన్న కాబట్టి ఆఫీసంతటికీ అతను బావగారే. పొట్ట బల్లకి ఆనుతుంది, మీట నొక్కినప్పుడల్లా నాలుక కొస బయటికొస్తుంది. చదువు మధ్యలో వదిలేశాడు. పెట్టిన కొట్టు మధ్యలో మూసేశాడు. పెళ్లిచూపులకి బయల్దేరి, ఆకలేస్తోందని దారిలోంచే వెనక్కొచ్చిన ఘనుడు. లోకంలో అతన్ని పనిమంతుడనుకునేది చెల్లెలొక్కతే. "మా అన్నయ్య లేకపోతే ఆ ఆఫీసు నడవదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది. ఆ ఒక్క మాట మీదే అతను బతుకుతున్నాడు.

మధ్యాహ్నం యజమాని వచ్చి నిలబడ్డాడు.

"బిల్లులు చూసే వేశారా, బావగారూ?"

"చూడకుండా వేస్తానా బావా? కళ్లు పోయేలా చూశా."

యజమాని నమ్మాడు. ల్యాంపు మీద సగానికి సగం లాభం కనబడేసరికి ఉత్సాహపడి ధర ఆరొందల యాభైకి దించాడు. టీ వేళకి నలభైమూడు ఆర్డర్లు వచ్చాయి. ప్యాకింగ్ ఆవిడ బిల్లు పట్టుకుని, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"సార్, ఈ ల్యాంపు మనకే ఏడొందల ఇరవై పడింది. రవాణా ఖర్చు వేరే. ఆరొందల యాభైకి ఇచ్చేస్తున్నామేంటి?"

యజమాని బావగారి వైపు తిరిగాడు.

"కొత్త సాఫ్ట్‌వేర్ కదా బావా, అదే ఏదో తారుమారు చేసుంటుంది."

జాలిపడదామన్నా సందు ఇవ్వని మనిషి. యజమాని అరవలేదు.

"రేపట్నించి రాకండి."

బావగారు చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఆ రోజుకి మొదటిసారి నిజంగా భయపడ్డాడు.

"చెల్లికి మాత్రం చెప్పకు బావా."

యజమాని అప్పటికే భార్యకి ఫోను కలిపి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అవతల ఎత్తేలోపు బావగారు మెట్లు దిగిపోయాడు, పద్దెనిమిదీ.

కుర్చీలో దూది మెత్త మిగిలింది. అన్నయ్య పొద్దస్తమానం కూర్చుని కష్టపడతాడని చెల్లెలు చేత్తో కుట్టిచ్చిన మెత్త, నడిమధ్య లోతుగా గుంటపడి.