తలుపు బల్ల

మా ఆయన శీనయ్యకు ఎవరేమడిగినా కాదనడం చేతకాదు. సోమవారం ఆత్మకూరు నుంచి నడిచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా గడపలో నిలబడి చెప్పాడు.

"గురువారం మిషను దొర, దొరసాని వస్తా ఉండారు. కృతజ్ఞత పండగ మనింట్లోనే."

"మనింట్లో అని ఎవురు చెప్పినారు?"

"నేనే చెప్పినాను."

ఉదయగిరి కొండ కింద మా పల్లెలో ముప్పై గడపలున్నాయి. పిల్లలకు అక్షరాలు దిద్దించి, ఆదివారం ప్రార్థన చేయించే పంతులు మా ఆయనే కాబట్టి ఏ బరువైనా మా నెత్తినే పడుతుంది. దొరల దేశంలో పంట ఇంటికొచ్చాక ఒక గురువారం దేవుడికి దండం పెట్టి, పదిమందిని పిలిచి విందు చేస్తారట. బాగానే ఉంది. వాళ్ళకు గాదెలు నిండి ఉంటాయి. ధాత నామ సంవత్సరపు కరువు పోయాక మాకు నాలుగు సజ్జలు ఇంటికొచ్చింది ఈ ఏడే. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

"ఇంకోమాట. బల్ల సిద్ధం చెయ్యమన్నాడు దొర," అన్నాడు.

"బల్లా? యాడుండాది బల్ల?"

"వాళ్ళు మనమాదిరి కింద కూచోని తినరు గదా, హన్నా. చూస్తాం పా."

చూసేదేముంది? పల్లెంతా వెతికినా బల్ల అన్నది లేదు. ఉదయగిరిలో గరిటెలు చెక్కే పెంచలనరసయ్య దగ్గరకు పోతే, "గరిటె కావాలంటే పొద్దుగూకేలోగా ఇస్తా. బల్ల నేను చేసినదీ లేదు, దాని మీద తిన్నదీ లేదు," అన్నాడు.

ఆ మూడు రోజులు నా తలప్రాణం తోకకొచ్చింది. గోడలకు ఎర్రమట్టి పూస్తే రాత్రి వాన కడిగేసింది. మళ్ళీ పూశాను. ఉన్న ఒక్క కోడిపెట్టకు సంగతి తెలిసిపోయిందో ఏమో, కంపచెట్లలో దూరి బుధవారం సాయంత్రం దాకా చిక్కలేదు. దొరసాని కారం తినదు, కూర చప్పగా చెయ్యమన్నాడు మా ఆయన. కారం లేకుండా కోడికూర ఎట్లా వండాలో మా అమ్మ నాకు నేర్పలేదు. బియ్యం ఒక ఇంట్లో, ఇత్తడి పళ్ళెం ఇంకో ఇంట్లో అడిగి తెచ్చుకున్నాను. ఇంత జరుగుతుంటే ఆయన గారు తాపీగా గడ్డం గోక్కుంటూ మా తలుపు వంక చూస్తున్నాడు.

"ఇది పీకి రెండు బానలు బోర్లించి దాని మీద పెడితే బల్లే గదా," అన్నాడు.

నేను వెళ్ళి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. కోపం వల్ల మాత్రమే కాదు.

ఆ తలుపు సంగతి చెప్పాలి. పల్లెలో అందరికీ తడికలే, చెక్క తలుపు మా ఒక్కరికే. నేను బాప్తిస్మం తీసుకున్న నెలలో ఊళ్ళో గత్తర తగిలి వాంతులు, భేదులతో జనం పడిపోయారు. మా ఆయన్ని కన్న అత్త ఓబులమ్మ, గత్తర పోవాలని అంకమ్మ తల్లి కుండ నెత్తిన పెట్టుకుని, ఇంటింటికీ పిడికెడు గింజలడుగుతూ మా గడపకూ వచ్చింది. కొత్త భక్తి కదా, వేరే దేవతకు గింజ పెట్టకూడదని నేను ఆమె ముఖం మీదే ఈ తలుపు వేసేశాను. వేసింది ఎవరి ముఖం మీద? కరువులో తన వంతు గంజి నా ముంతలో పోసి, తాను చింతగింజలు నానబెట్టుకు తిన్న మనిషి ముఖం మీద. నేను బతికి ఉన్నది ఆ గంజితో.

బయట నుంచి అత్త నెమ్మదిగానే అంది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానా. ఈ తలుపు నిలబడి ఉన్నంతకాలం నీ గడప తొక్కితే ఒట్టు."

నాలుగిళ్ళ అవతలే ఉంటుంది. ఏడాదిన్నరగా రాలేదు. నేనూ పోలేదు. తప్పు నాదేనని తెలిసిన కొద్దీ కాళ్ళు మరీ బరువెక్కాయి. ఇంటికి ఎవరెవరు వచ్చి తిని పోయినా, ఆమె తినని ఇంట్లో నాకు ముద్ద దిగేది కాదు.

గురువారం పొద్దున మా ఆయన తలుపు ఊడదీసి బానల మీద పరిచాడు. దాని మీద నా ఎర్ర చీర కప్పి, అన్నం, కూర, సంగటి పెట్టాను. దొర వచ్చి చూసి, ఆశ్చర్యపోయి పుస్తకంలో మాదిరి తెలుగులో అన్నాడు.

"పంతులుగారూ, నేను చెప్పినది ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసము మేము తెచ్చితిమి. ఒక తెల్లని గుడ్డ చాలును గదా."

దొరసాని అప్పటికే చాప మీద హాయిగా కూర్చుని ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. నెలనెలా దొర రొట్టె విరిచి అందరికీ పంచేదాన్ని మేము బల్ల అనే అంటాం. ఆ రొట్టె పళ్ళెం పట్టుకుని దొర పక్కన నిలబడేది మా ఆయనే. ఈయనకు బల్ల అంటే తెలియదా? అడుగుదామని తిరిగితే ఆయన దొరను చూడటం లేదు, నన్నూ చూడటం లేదు. తలుపు లేని వాకిలి వైపు చూస్తున్నాడు.

వాకిట్లో వానలో తడుస్తూ మా అత్త నిలబడి ఉంది.

"శీనయ్య రమ్మంటే వచ్చినాను. తలుపు యాడే?" అంది నన్ను చూసి.

"బల్లయింది అత్తా."

"నా ఒట్టు?"

"తలుపు నిలబడి ఉన్నంతకాలం అన్నావు గదా. ఇప్పుడు పడుకోని ఉండాది."

అత్త తలుపును చూసింది, కొడుకును చూసింది. కాళ్ళు తుడుచుకుని గడప దాటింది.

దొరసాని కోసం తెచ్చిన ఇత్తడి పళ్ళెం అత్త ముందు పెట్టాను.

"ఇదేం పండగే?" అంది.

"కృతజ్ఞత పండగ."

"అంటే ఏంది?"

"కరువులో నీ గంజి తాగినాను. తాగి నీ మొగాన తలుపేసినాను. నాది తప్పు అత్తా. తిను."

అత్త చాలాసేపు అన్నం కలుపుతూనే ఉంది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"కూర చప్పగా ఉండాది. కారం యాడ పెట్టినావు?" అంది.

కారం ముంత తెచ్చి పక్కన పెట్టాను. దొర ప్రార్థన చేశాడు. ఏమన్నాడో నాకు ఒక్క మాటా వినపడలేదు, ముక్కు చీదుకోవడంతోనే సరిపోయింది.

దొరలు బండెక్కి ఆత్మకూరు వైపు పోయాక మా ఆయన గిన్నెలు తీసేసి, తలుపు ఎత్తి మళ్ళీ బిగించబోయాడు. నేను వెళ్ళి అడ్డంగా చెయ్యి పెట్టాను.

"ఉండనీ అయ్యా. అత్త ఇంకా లోపలే ఉండాది."