మూడో పిన్ను

లక్ష్మీరాజం కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకుని దుకాణం మెట్టెక్కేసరికి పొద్దున ఎనిమిది కూడా కాలేదు. రాత్రిపాళీ దిగి ఈపాటికి గుర్రుపెట్టి నిద్రపోవాల్సిన మనిషి. నరహరి అప్పుడే షట్టరు ఎత్తి, మార్కండేయస్వామి పటానికి అగరొత్తి ముట్టిస్తున్నాడు.

"అన్నా, నువ్విచ్చిన కూలరు కొట్టిందే," అన్నాడు లక్ష్మీరాజం. "నీళ్లు పోద్దామని ముట్టుకున్న. కొట్టుడంటే గట్లిట్ల కాదు, గోడకు ఇసిరి పడేసింది. రూములోళ్లు స్విచ్చి బంద్ జేసిండ్రు గాని, లేకుంటే నన్ను పెట్టెల పెట్టి ఊరికి తోలుతుండ్రి."

అని నవ్వాడు కూడా.  నరహరి అగరొత్తి పక్కన పెట్టి స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

నరహరి ఇరవై రెండేళ్లు సాంచాల మీద, ఆ మరమగ్గాల మోతలో, నిలబడ్డవాడు. మోకాళ్లు మొరాయించాక బతకడానికొచ్చిన పరాయి రాష్ట్రంలోనే, డిండోలిలో ఈ చిన్న దుకాణం పెట్టుకున్నాడు. మిక్సీలు, ఫ్యాన్లు, కూలర్లు. కొనేవాళ్లంతా జగిత్యాల, సిరిసిల్ల వైపు మగ్గం పనివాళ్లే. ఒక్కో గదిలో పాళీకి ఎనిమిదేసి మంది. పగటిపాళీ వాళ్లు లేచిన చాప మీదే రాత్రిపాళీ వాళ్లు నడుం వాలుస్తారు. అలాంటి గదిలో కాగితం ముక్క దాచుకునే చోటెక్కడిది? అందుకే వాళ్ల గ్యారంటీ కార్డులన్నీ నరహరి బిస్కెట్ల డబ్బాలోనే ఉంటాయి. "కంపెనీ ఎవడో, ఏడుంటడో మీకెందుకువయా? మీకు నేనే కంపెనీ!" అనేవాడు ఛాతీ చరుచుకుని. ఆ మాట అన్న ప్రతిసారీ ఒక అంగుళం పొడుగైనట్టు ఉండేది అతనికి.

లక్ష్మీరాజం గది వెనక సందులోనే. నరహరి వెళ్లి, కూలరు వెనక రేకు విప్పి చూశాడు. నీళ్ల మోటారు తీగ రేకు అంచు మీదుగా వంగి పోతోంది. తీగ దూరే రంధ్రానికి రబ్బరు కట్టు ఉండాలి, అది లేనే లేదు. కూలరు అదిరినప్పుడల్లా ఆ అంచు తీగను కోసుకుంటూ కోసుకుంటూ వచ్చి, ఇవాళ్టికి లోపలి రాగిని రేకుకు ఆనించింది. ఇది ఒక్క కూలరు రోగం కాదు, తయారీలో బిగించిన తీరే అంత. ఒకే లాటులో ఆరు వచ్చాయి. ఆరూ దుకాణం దాటి వెళ్లిపోయాయి.

సరే, తప్పు కంపెనీది. అంతటితో అయిపోతే నరహరి ఊపిరి పీల్చుకునేవాడే. కానీ చూపు పోయి పోయి ప్లగ్గు మీద పడింది.

ఆ కూలర్లు మూడు పిన్నుల ప్లగ్గులతో వచ్చాయి. ఈ గదుల్లోని పాత బోర్డులకు రెండే రంధ్రాలు. ఎవరికి వారు పుల్లలు గుచ్చి తంటాలు పడతారని, నరహరే ఆ ప్లగ్గులు కోసేసి రెండు పిన్నులవి బిగించి ఇచ్చాడు. ఆరింటికీ. ఊరికే, పైసా తీసుకోకుండా, అదో గొప్ప సేవ అన్నట్టు. మిగిలిన ఎర్తింగు తీగను మెలిపెట్టి టేపు చుట్టాడు. ఈ గల్లీలో అందరూ చేసే పనే. కానీ రేకులోకి దిగిన కరెంటు మనిషిని వదిలి నేలలోకి పోవడానికి ఉన్న దారి ఆ మూడో పిన్నేనని ఇరవై రెండేళ్లు సాంచాలు నడిపినవాడికి తెలియదా? తెలుసు. తెలిసే కోశాడు.

లక్ష్మీరాజంతో కలిసి దుకాణానికి వచ్చి ఉధనాలోని డీలరుకు ఫోను చేశాడు. డీలరు మెహుల్‌భాయ్ అంతా విని, హిందీలో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ప్లగ్గు ఏది ఉంది, కంపెనీదేనా?

నరహరి ఆ మాట దాటేసి లాటు నంబరు చెప్పబోయాడు.

"కోసేశావన్నమాట. ఇంకేం, వారంటీ ఖతం," అన్నాడు మెహుల్‌భాయ్. "కంపెనీ వాడు వచ్చి ముందు చూసేది అదే. నా మాట విను నరహరిభాయ్. వచ్చినవాడిది ఒక్కటి బాగుచేసి ఇచ్చెయ్. ఊరంతా చాటింపు వేశావనుకో, ఆరూ నీ నెత్తినే పడతాయి. దుకాణం మూసుకుంటావు."

నరహరి ఫోను పెట్టేసి లక్ష్మీరాజం వైపు తిరిగాడు. "నీది నేను చేసిస్త. గని ఎవలకు చెప్పకు, జర. నేను చూసుకుంట."

"నువ్వున్నంక నాకేంది అన్నా," అని లక్ష్మీరాజం నిద్రమొహంతో వెళ్లిపోయాడు.

నరహరి బిస్కెట్ల డబ్బా ముందు వేసుకున్నాడు. లక్ష్మీరాజంది ఒకటి. సమ్మక్క మెస్సులో ఒకటి. లింగమూర్తి గదిలో ఒకటి. సాయిబాబా గుడి వెనక రెండు గదుల్లో రెండు. కార్డులు ఐదే ఉన్నాయి. ఆరోది ఏమైందబ్బా అనుకుంటూ డబ్బా బోర్లించి చూశాడు, అప్పుడు గుర్తొచ్చింది. ఆరోదానికి కార్డు రాయలేదు. దాన్ని అమ్మితే కదా రాయడానికి! పల్సానాలో ఉండే అక్క వజ్రమ్మ ఇంటికి తానే మోసుకుపోయి ఇచ్చాడు. అక్క కూతురు వినోద కాన్పుకు వచ్చింది. మొన్న పసిదాన్ని తొట్టెలలో వేసిన నాడు, "మేనమామను, నా మనుమరాలు ఉక్కపోతల ఉంటదా?" అని పదిమందిలో గొప్పగా చెప్పి మరీ ఇచ్చాడు.

అక్కకు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఎనిమిదిసార్లు చేశాడు. ఆమె దారం బాబిన్లు చుట్టే పనిలో ఉంటుంది, ఆ సాంచాల మోతలో పిడుగు పడ్డా వినబడదు. వినోద ఫోను స్విచాఫ్. బాలింత ఫోను చూస్తే కళ్లు పోతాయని అక్కే లాక్కుని దాచింది.  నరహరి షట్టరు దించి తాళం వేశాడో లేదో కూడా చూసుకోకుండా ఆటో ఎక్కాడు.

దారి పొడుగునా అదే బొమ్మ కళ్ల ముందు. పచ్చి బాలింత, తడికాళ్లు, రేకు కూలరు. సచిన్ అనే ఊరి దగ్గర ఆటో మారాలి. ఆ రెండో ఆటోవాడు మనుషులు నిండితే గాని కదలనని మొండికేశాడు. "నలుగురి పైసలు నేనిస్తగని నడువు, నీ కాల్మొక్త!" అని నరహరి తెలుగులోనే అరిచాడు. మాట అర్థం కాకపోయినా మొహం చూసి వాడు బండి తీశాడు.

వజ్రమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. లోపల సాంబ్రాణి పొగ. వినోద తలారబోసుకుని, నీళ్ల చెంబు పట్టుకుని, వట్టి కాళ్లతో తడి గచ్చు మీద నిలబడి ఉంది. పక్కనే చీర తొట్టెలలో పసిది. కూలరు గురగురమంటోంది. వినోద రెండో చెయ్యి కూలరు మూత మీదికి పోతోంది.

"ముట్టకు!"

ఆ కేకకు చెంబు కింద పడింది. నరహరి ఒక్క ఉదుటున పోయి ప్లగ్గు పీకేశాడు. పసిది కెవ్వుమంది. వినోద బిత్తరపోయి, "ఏంది మామా, గట్ల మొత్తుకుంటవ్? పిల్ల జడుసుకుంది!" అంది. నరహరి గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

మధ్యాహ్నం కూడు తినడానికి వజ్రమ్మ వచ్చింది. తమ్ముడి వాలకం, విప్పి పెట్టిన కూలరు చూసి సంగతి అడిగింది. నరహరి తీగ గురించి, ప్లగ్గు గురించి, మెహుల్‌భాయ్ అన్నదాని గురించి అంతా చెప్పాడు. లోపలి తీగ ఇక్కడా సగానికి కోసుకుపోయే ఉంది. వజ్రమ్మ మనుమరాలిని ఎత్తుకుని గుండెకు అదుముకుంది. 

"మరి కడుమోళ్లకు, ఆ రూములోళ్లకు, చెప్పినవా తమ్మీ?"

"అది... కంపెనీ చూసుకోవాలె గదక్కా. తప్పు వాళ్లది. నేను అమ్మెటోన్ని. నేనేమన్న తయారుజేసిన్నా?"

"అవునా? మరి నా ఇంటికి కంపెనీ ఎందుకు రాలే? నువ్వెందుకు ఉరికొచ్చినవ్?"

నరహరి విప్పిన కూలరు మరలు ఏరసాగాడు.

"ఆ రూముల్ల ఉన్నోళ్లకు తల్లులు లేరా? ఆళ్లు కార్డులు నీ డబ్బల ఏసిపోయిండ్రు. కంపెనీ డబ్బల ఎయ్యలే," అంది వజ్రమ్మ. "లే. బువ్వ తర్వాత తిందువు. పాళీ ఏడింటికి దిగుతది."

ఏడు. ఇంకా వేళ ఉంది, కానీ ఎక్కువ లేదు. ఏడింటికి మగ్గాలు దిగినవాళ్లు గదులకు వస్తారు, బకెట్టు నీళ్లు గుమ్మరించుకుంటారు, తడి ఒంటితోనే కూలరు ముందు నిలబడతారు. టెంపో దొరికేసరికే నాలుగు దాటింది; నరహరి అక్క కూలరు అందులో వేసుకుని బయలుదేరాడు. దారిలో అందరికీ ఫోన్లు చేశాడు. కొందరు మగ్గాల మీద, కొందరు రాత్రిపాళీ నిద్రలో, ఒక్కడూ ఎత్తలేదు. సమ్మక్క ఒక్కతే ఎత్తింది. "ప్లగ్గు పీకెయ్, సమ్మక్కా, దాని దగ్గరికి ఎవ్వలను పోనియ్యకు," అంటే, "నీ బాంచెన్, ఏమైందో చెప్పి భయపెట్టు, చెప్పకుండ భయపెట్టకు!" అని ఆవిడ కసురుకుంది.

ఉధనా దగ్గర బండ్లు బారులు తీరి రెండు గంటలు కదల్లేదు. సమ్మక్క మెస్సులోది, గుడి వెనకవి రెండు, లక్ష్మీరాజంది టెంపోలో పడేసరికి ఏడున్నర దాటింది. మిగిలింది లింగమూర్తి గది. మోకాళ్లు సలుపుతున్నా నరహరి మూడంతస్తులూ పరుగున ఎక్కాడు.

గదిలో కూలరు తిరుగుతోంది. ఎనిమిది మందీ గుండ్రంగా కూర్చుని అన్నం తింటున్నారు. అందరూ బతికే ఉన్నారు. నరహరి గుమ్మం పట్టుకుని, "బంద్ జెయ్యిండ్రి, దాన్ని ముట్టకుండ్రి!" అని అరిచాడు.

"మెల్లగ, నరహరన్నా, మెల్లగ," అంటూ లింగమూర్తి లేచాడు. పెద్దవాడు, ఆ గదికి యజమానిలాంటివాడు. కూలరు దగ్గరికి పోయి, దాని పక్కనున్న రబ్బరు చెప్పుల్లో కాళ్లు దూర్చి, అప్పుడు స్విచ్చి ఆపాడు.

నరహరి ఆ చెప్పుల వైపే చూస్తూ ఉండిపోయాడు. మిగతా చెప్పులన్నీ గుమ్మం బయట ఉన్నాయి. అన్నం తినే గదిలో, దేవుడి పటం కింద, ఆ ఒక్క జత లోపల ఉంది.

"మీకు తెల్సా?"

"పదిహేను రోజులాయె, జిల్లుజిల్లుమంటది," అన్నాడు లింగమూర్తి. "ముట్టేటోడు చెప్పులేసుకోవాలని రూల్ పెట్టుకున్నం."

"మరి నాకెందుకు చెప్పలేదువయా!"

"చెప్తే నువ్వు ఊకుంటవా? మాకు తెల్వదా నీ సంగతి! కంపెనీవోడు ఇయ్యకున్నా నువ్వు అప్పుజేసి కొత్తది తెచ్చిస్తవ్. మనోడు మునుగుతడని మేమే సప్పుడు జెయ్యలే."

 నరహరి గుమ్మంలోనే కూలబడ్డాడు. వాళ్లు నీళ్లిచ్చారు. తాగలేదు.

"నాకు పొద్దుగాలనే తెల్సు, లింగమూర్తీ," అన్నాడు చివరికి. "ఎవలకు చెప్పొద్దనుకున్న. లక్ష్మీరాజానికి గూడ చెప్పొద్దన్న. ముందుగాల మా అక్కింటికి ఉరికిన. అక్క తిడితే ఇటొచ్చిన."

గదిలో తింటున్న చేతులు ఆగిపోయాయి. ఒక కుర్రవాడు ఏదో అనబోయి లింగమూర్తి మొహం చూసి ఊరుకున్నాడు. 

"బాలింత ఉన్న ఇల్లు. ముందుగాల ఆడికే పోవాలె," అన్నాడు లింగమూర్తి మెల్లగా.

తిట్టినా బాగుండేది. నరహరి కళ్లు తుడుచుకుని లేచాడు. "దుకాణంల ఉన్న ఫ్యాన్లు రూముకొకటి ఇప్పుడే పంపుత. రేపు పొద్దుగాల ఆరు కూలర్లూ తీస్కపోయి డీలరు గడప ముందు దించుత. ప్లగ్గు కోసింది నేనే, నాది నేను ఒప్పుకుంట. తీగ కోసింది వాళ్ల రేకు, అది వాళ్లు ఒప్పుకునేదాకా ఆ గడప ముంగట్నుంచి లెవ్వ."

"ఒప్పుకోకుంటే?"

"ఒప్పుకోకున్నా ఇవి మళ్ల మీ రూములకు రావు."

ఇద్దరు కూలరు ఎత్తి మెట్ల మీదుగా దించుకుపోయారు. కూలరు ఉన్నచోట గోడ మీద తడి మచ్చ మిగిలింది. లింగమూర్తి ఆ రబ్బరు చెప్పులు చేత్తో తీసుకెళ్లి, గుమ్మం బయట మిగతా చెప్పుల వరుసలో పెట్టి, చెయ్యి కడుక్కుని మళ్లీ అన్నం ముందు కూర్చున్నాడు.