లావు తీగ

"టేబుల్ మీద ఒక్క గ్లాసు కూడా ఉండకూడదు. పాలిష్ అతను పొద్దున్నే వచ్చేస్తాడు," అన్నాడు భర్త, తాగిన కాఫీ కప్పు అదే టేబుల్ మీద పెట్టి.

ఆమె కప్పు తీసి, దాని కింద పడిన మరక తుడిచింది. తర్వాత డైనింగ్ టేబుల్, దాని కుర్చీలు, టీవీ బల్ల, పుస్తకాల అలమర అన్నీ ఖాళీ చేసి నేలంతా పాత పేపర్లు పరిచింది. బ్యాంకు మేనేజరుగారైన ఆయన రిటైర్మెంటు ఫంక్షను ఇంట్లోనే చెయ్యాలని తండ్రీ కొడుకులు తీర్మానించారు. ఇంట్లో అంటే ఎవరి నెత్తిన పడుతుందో వాళ్ళకి ఆలోచించాల్సిన పని లేదు. రిటైరయ్యేది ఆయన, నడుం విరిగేది ఆవిడకి. కంటి ఆసుపత్రిలో పేషెంట్ల పేర్లు రాసుకునే కౌంటరులో రోజంతా కూర్చుని వచ్చి, సాయంత్రం నుంచి ఆమె ఇంటి సామానంతా గదుల్లోంచి గదుల్లోకి మోస్తూనే ఉంది.

"చివర్లో నీ గుర్రాల పాట ఉంటుంది. మావాళ్ళందరికీ ముందే చెప్పేశాను," అన్నాడాయన.

"అది ఇప్పుడు నాకు రాదండీ. వేళ్ళు అంత జోరుగా తిరగవు. నెమ్మదైనది ఏదైనా వాయిస్తాను."

"నీ నెమ్మది పాటలు మొదలెడితే జనం లేచి భోజనాల దగ్గరికి పోతారు. ఇది రిటైర్మెంటు ఫంక్షననుకున్నావా, సంతాపసభ అనుకున్నావా?"

కొడుకు పగలబడి నవ్వాడు. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఆ ఇంట్లో తన మీద వేసిన జోకుకి తను నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు. ఆ మాట పడడం కంటే నవ్వడం సుఖమని ఆమెకి ఏనాడో తెలిసిపోయింది.

గుర్రాల పాట అని దానికి పేరు పెట్టింది ఆయనే. ఫిడేలు మీద విల్లు ఎగిరెగిరి పడుతూ, గుర్రాల మంద ఒకటి పరుగెత్తుకొచ్చినట్టుండే బాణీ అది. ఇరవై ఏళ్ళప్పుడు ఆమెకి వేగమంటే పిచ్చి. ఎవరు ఎంత వేగంగా వాయిస్తే వాళ్ళు అంత గొప్ప అనుకునేది. సంగీతం నేర్చుకునేచోట ఒక ముసలావిడ ఒక్కో స్వరాన్నీ సాగదీసి సాగదీసి వాయిస్తుంటే, ఈమె, పక్కనున్న పిల్లా ఆవులింతలు నటించి ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళు. ఆ రోజుల్లోనే ఎవరిదో పెళ్ళిలో గుర్రాల పాట వాయించి దిగితే, బ్యాంకులో కొత్తగా చేరిన కుర్రవాడొకడు దగ్గరికొచ్చి, "మీ వేళ్ళు కనపడనే లేదండీ!" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆమె అతన్ని చేసుకుంది. తన సంగీతం విన్న మనిషి దొరికాడనుకుంది. అతను వినలేదు, చూశాడు. ఆ తేడా తెలియడానికి ఒక సంసారం మొత్తం పట్టింది.

అత్తగారికి పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం సీరియలు. ఫిడేలు పెట్టె తెరిచిన చప్పుడుకే ఆవిడకి నొసలు నొప్పెట్టేది. "మా అబ్బాయి పెళ్ళాన్ని తెచ్చుకున్నాడో, బ్యాండుమేళాన్ని తెచ్చుకున్నాడో," అని వచ్చినవాళ్ళందరితో అనేది. మరిదికి ఆ మాట నచ్చి 'ఫిడేలు వదిన' అని పిలవడం మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి భర్త ఒక చిన్న నల్లటి రబ్బరు బిళ్ళ తెచ్చి చేతిలో పెట్టాడు. దాన్ని తీగల కింద ఉండే చెక్కకి తగిలిస్తే ఫిడేలు నోట్లో గుడ్డ కుక్కినట్టు అయిపోతుంది. "నీ కోసం ఊరంతా తిరిగి తెచ్చాను. ఇక నువ్వు హాయిగా వాయించుకోవచ్చు, మాకెవరికీ వినపడదు," అన్నాడు మహా సంబరంగా. ఆమె థాంక్స్ కూడా చెప్పింది. చెప్పినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ బిళ్ళతోనే ఆమె చంటిపిల్లాణ్ణి పెంచింది, అత్తగారి మంచం కింద బెడ్‌పాన్ పెట్టి తీసింది, ఉద్యోగంలో చేరింది. పాలసీసాలు మరిగేలోగా కాసేపు, బట్టలు నానేలోగా కాసేపు స్టోర్‌రూమ్ తలుపేసుకుని వాయించేది. ఆ పీలగొంతులో గుర్రాల పాట వట్టి గీకుడు. వేగం పెంచితే అసలు ఏమీ మిగిలేది కాదు. నెమ్మదిగా, కింది తీగ మీద, నాలుగు తీగల్లోకీ లావుపాటి తీగ మీద విల్లు సాగదీస్తేనే ఏదో కాస్త దక్కేది. మొదట్లో గతిలేక ఆ తీగని పట్టుకుంది. పోనుపోను దాని కోసమే తలుపేసుకోసాగింది. అత్తగారు పోయాక ఒకనాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు బిళ్ళ పీకేసి, ముందుగా గుర్రాల పాట వాయించి చూసింది. వచ్చినవాళ్ళ ముందు ఎక్కాలు అప్పజెప్పి చప్పట్ల కోసం చూసే పిల్లలా ఉంది ఆ పాట. సగంలో ఆపేసి లావు తీగ మీద విల్లు ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్కసారి లాగింది. గది గదంతా మూలిగింది. ఆ మూలుగు గడ్డంలోంచి పక్కటెముకల్లోకి దిగింది. ఇన్నేళ్ళూ గుడ్డ కుక్కిన నోటితో ఆ ఫిడేలు గొంతు పండి తనకంటే ముందే పెద్దదైపోయిందని ఆమెకి అర్థమైంది. నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది, సంతోషంతోనే.

అప్పటినుంచి ఇష్టం మారిపోయింది. పైపైకి ఎగబాకే స్వరాలు చెవులకి గుచ్చుకునేవి. ఎవరైనా పాడుతుంటే కింద ఉండి మోసే స్వరం మీదే ఆమె మనసు. ఆదివారం మధ్యాహ్నాలు పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులో ముగ్గురు ఆడవాళ్ళు చేరేవారు: డాక్టరమ్మ, ఒక డ్రాయింగు టీచరు, ఈమె. పేషెంట్ల కుర్చీలు గోడకి జరిపి, దంతాల బొమ్మల కింద కూర్చుని వాయించుకునేవాళ్ళు. పైపాట వాళ్ళిద్దరిదీ, కిందపాట ఈమెది. ఒకసారి భర్త కారులో దింపడానికి వచ్చి కాసేపు కూర్చున్నాడు. తిరిగి వెళ్తూ, "నువ్వేం వాయించావో నాకైతే వినపడనే లేదే! వాళ్ళకి పనిమనిషిలా కింద ఉండి మోస్తున్నావు. నీకిదేం ఖర్మ?" అన్నాడు. ఆసుపత్రి వార్షికోత్సవానికి పెద్ద డాక్టరు కూడా, "ఏదైనా హుషారుగా వాయించండి మేడం, మన పేషెంట్లు ఎలాగూ దిగులుగానే ఉంటారు," అన్నాడు. అందరికీ ఆమె పాత వేళ్ళే కావాలి. ఆ వేళ్ళు గిన్నెలు తోమీ తోమీ ఎక్కడ పోయాయో మాత్రం ఒక్కరూ అడగరు.

పాలిష్ అతను వచ్చిన రోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇల్లంతా ఘాటు వాసన. కుర్చీలు బాల్కనీలో తళతళలాడుతున్నాయి. బీరువా మీద ఫిడేలు పెట్టె లేదు.

"ఫిడేలేదండీ?"

"దాని సంగతి నీకెందుకు? సర్‌ప్రైజ్," అన్నాడాయన కన్నుగీటి.

కొత్త తీగలు వేయించడానికి ఇచ్చారేమో అనుకుంది. అంతకంటే పెద్ద ఆశ ఆమెకి రాలేదు. తీగలు అరిగిపోయాయని రెండు మూడుసార్లు ఆయన ముందే అంది మరి. విన్నాడన్నమాట! ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ కూనిరాగం కూడా తీసింది. ఈ ముక్క రాయడానికి నాకే చెయ్యి రావడం లేదు, కానీ తీసింది.

ఫంక్షను రోజు భోజనాలకి ముందు హాలు నిండా బ్యాంకు వాళ్ళు, చుట్టాలు. ఆయన చప్పట్లు కొట్టి అందర్నీ పిలిచి, టేబుల్ మీద పెట్టె పెట్టి మూత తీశాడు. లోపల ఫిడేలు మెరుస్తోంది. పెట్టె కింద టేబుల్ ఏ రంగులో మెరుస్తోందో అచ్చం ఆ రంగులోనే. డైనింగ్ టేబుల్ ఒక పిల్లని కన్నట్టుంది.

"మామూలుగా రెండు కోటింగులే వేస్తాడు. దగ్గరుండి మూడు వేయించాను!" అన్నాడు భర్త.

"షేడ్ నేను సెలెక్ట్ చేశానత్తయ్యా. పాతది ఫోటోల్లో మరీ మురికిగా పడుతోంది," అంది కోడలు.

"తీగలు మళ్ళీ బిగించింది నేనేనమ్మా, నెట్‌లో ఫోటో చూసి," అన్నాడు కొడుకు.

చేతిలోకి తీసుకుంటే బరువెక్కినట్టుంది. గడ్డం ఆనీ ఆనీ నున్నగా పల్లమైనచోట మందంగా గాజులాంటి పూత. పొట్టమీది రెండు రంధ్రాల్లోంచి లోపలికి కూడా కారి గడ్డకట్టింది. సన్నటి చెక్క ఊగితేనే పలికే వస్తువు అది. దాన్ని అన్నం తినే బల్లలా కదలకుండా బిగించేశారు. ఆమె తీగలు సరిచేసి, మెల్లగా లావు తీగ మీద విల్లు ఆనించింది. ఇరుక్కుపోయిన సొరుగు లాగినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఇంకోసారి లాగింది. అదే సొరుగు.

"ఊఁ, కానియ్!" అన్నాడాయన.

వాయించింది. గుర్రాల పాటే వాయించింది. వేళ్ళు తడబడ్డాయి, సగం స్వరాలు జారిపోయాయి, గుర్రాలన్నీ కుంటుతూ పడుతూ లేస్తూ వెళ్ళాయి. ఆ చెక్కలో తప్పుకీ ఒప్పుకీ తేడా లేదు. వాయిస్తూనే ఒక్కొక్కరి ముఖమూ వెతికింది. ఒక్కరి నొసలైనా చిట్లుతుందేమో, ఇదేమిటి ఇలా ఉందని ఒక్కరైనా పక్కవాళ్ళ వైపు తిరుగుతారేమో అని చూసింది. ఒక్కరంటే ఒక్కరు లేరు. తాళం వేస్తున్నారు, ఫోన్లెత్తి వీడియోలు తీస్తున్నారు. ఆఖరున హాలు దద్దరిల్లేలా చప్పట్లు.

"అదరగొట్టేశావు ఫిడేలు వదినా!" అని అరిచాడు మరిది.

భర్త కళ్ళు తుడుచుకుంటున్నాడు. నిజం కన్నీళ్ళే. "అచ్చం అలాగే! పెళ్ళికి ముందు ఎలా విన్నానో అలాగే! ఒక్క పిసరు మారలేదు!"

మర్నాడు ఆసుపత్రికి సెలవు పెట్టి ఫిడేళ్ళు బాగుచేసే దుకాణానికి వెళ్ళింది. అక్కడి మనిషి దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి చూసి, "ఎవరి పని ఇది?" అన్నాడు.

"మావాళ్ళే."

"ఇన్నేళ్ళ నుంచి వాయిస్తున్నానంటున్నారు, ఇంట్లోవాళ్ళకి ఆ మాత్రం చెప్పుకోలేదా? పూత చెక్కలోకి దిగిపోయింది. గీకితే చెక్క కూడా లేచిపోతుంది. తీసుకెళ్ళి గోడకి తగిలించుకోండి, చూడ్డానికి బాగుంటుంది."

తప్పు చివరికి ఆమెదే అయింది. దారిపొడుగునా ఆయనకి ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ వచ్చింది. మీరు నా ఫిడేలుని చంపేశారు అనాలి. మీరెవరూ ఎన్నడూ నన్ను వినలేదు అనాలి. ఇంటికొస్తే ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని నిన్నటి వీడియో చూస్తున్నాడు.

"ఆ ఫిడేలు..." అంది.

"ఎంత బాగుందో కదా! అంత చేస్తే నువ్వు ఒక్క థాంక్స్ ముక్కయినా అనలేదు," అన్నాడు, నిజంగానే చిన్నబుచ్చుకుని.

నోరు తెరిచింది. తెరిచాక మిగతాదంతా కళ్ళకి కట్టింది. ముందు నమ్మడు. తర్వాత కోప్పడతాడు. కొడుక్కి ఫోను చేస్తాడు, వాడు నాకు తెలియదమ్మా అంటాడు, కోడలు ఏడుస్తుంది. ఆ తర్వాత ఆయన అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటాడు. అప్పుడు ఆయన్ని లేపి, పోన్లెండి, మీరు మంచికే చేశారు అని బుజ్జగించి అన్నం తినిపించాలి. చచ్చింది ఆమె ఫిడేలు, ఓదార్చాల్సింది ఆయన్ని. ఆ చాకిరీ కూడా తనదే. ఇన్నేళ్ళ చాకిరీలో మొదటిసారి ఆమె ఒక పని చెయ్యనంది. పైకి అనలేదు.

"థాంక్సండీ," అంది.

ఆ తర్వాత ఆమెకి ఆదివారాలు ఆసుపత్రిలో డ్యూటీ పడింది. ఇంట్లో అలా చెప్పింది. కంటి ఆసుపత్రిలో ఆదివారం డ్యూటీ ఏమిటని ఎవరూ అడగలేదు. ఆమె ఉద్యోగం గురించి వాళ్ళకి తెలిసింది జీతం తారీఖు ఒక్కటే. డ్రాయింగు టీచరు దగ్గరున్న పాత ఫిడేలొకటి పళ్ళ డాక్టరమ్మ అలమరలో, పచ్చటి పళ్ళసెట్ల పక్కన ఉంటుంది. అది తనది కాదు. దాని లావు తీగ ఇంకా పొడిపొడిగా, అంటీముట్టనట్టు పలుకుతుంది. పాతది పలికినట్టు పలకాలంటే ఇంకో జీవితం కావాలి, అంత ఆయుష్షు తనకి లేదు. అయినా ఆదివారాలు అక్కడ దానితోనే కూర్చుంటుంది.

ఇంట్లో మాత్రం ఎవరు అడిగినా కాదనదు. పుట్టినరోజుకి, చుట్టాలొస్తే, మరిది వీడియో కాల్‌లో అడిగితే, కాఫీ కప్పులు లోపల పెట్టి వచ్చి మరీ వాయిస్తుంది. ఎంత వేగం కావాలంటే అంత. వేలు ఎక్కడ పడినా లెక్కలేదు, పోయేదేమీ లేదు. తనకంటూ ఉన్న ఒక్క ముక్క కూడా ఆ హాల్లో మిగల్చలేదు.

మొన్న ఆయన పాత స్నేహితుడొకాయన వస్తే ఆమెని పిలిచి వాయించమన్నాడు. వాయించింది. భర్త కాలు మీద కాలేసుకుని, స్నేహితుడి తొడ చరిచి, "వయసొచ్చాక మా ఆవిడ చాలా మారిందిరా! ఇదివరకు వాయించమంటే వంద సాకులు చెప్పేది. ఇప్పుడు చూడు, అడగ్గానే తీస్తుంది. ఇన్నాళ్ళకి నిజంగా మనసుపెట్టి వాయిస్తోంది," అన్నాడు.

ఆమె విల్లు ఎత్తి పట్టుకుని, చాలా ప్రేమగా అడిగింది:

"ఇంకోటి వాయించనా అండీ?"